కొండ రంగు రాసుకో, అమ్మాయ్

మా మామగారు పోయారన్న కబురు నాకు ఎలమంచిలిలో తెలిసింది. మా అమ్మకి కంటి ఆపరేషన్ అయితే పదిరోజులు సాయంగా ఉందామని వెళ్ళాను. పొద్దున్నే వీధి చివర మందుల షాపాయన వచ్చి, "విశాఖపట్నం నుంచి ఫోనమ్మా, మీ ఆయన లైన్లో ఉన్నారు" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అవతల మా ఆయన గొంతు మామూలుగానే ఉంది. "నాన్న ఎలిపోయినాడు. తెల్లారి టీ తాగి మళ్ళీ నడుం వాల్చినాడు, మరి లేవలేదు. నువ్ బయల్దేరి వచ్చీ" అన్నారు.

దొరికిన పాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. అనకాపల్లి దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. వానలు వెలిసిన రోజులు కావడంతో అన్నీ కడిగినట్టున్నాయి. వాటిని చూస్తూ నాకు తెలియకుండానే లోపల చెప్పుకుంటున్నాను: అడుగున గోంగూర పచ్చ, నడుమ చింతచిగురు, పైన తడిసిన ఏనుగు చర్మం. అక్కడిదాకా వచ్చేసరికి కళ్ళు ఆగలేదు. ఎదురుసీటులో ముసలమ్మ ఏమీ అడగకుండా తన మరచెంబు నాకు అందించింది.

కొండలకి అలా రంగులు చెప్పుకోవడం నాకు నేర్పింది మా మామగారే. పెద్ద పేరున్న మనిషి కాదు. పేపర్లో వేయదగ్గ పనేదీ చేయలేదు. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా మామగారు ఓడరేవులో టగ్గు సారంగుగా పనిచేశారు. పెద్ద ఓడ తనంతట తాను రేవులోకి రాలేదు. చిన్న టగ్గు ఎదురెళ్ళి, తాడు కట్టి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలవలోంచి దాన్ని లాక్కొచ్చి జెట్టీకి చేర్చాలి. ఆ టగ్గు మీది పనివాళ్ళకి పెద్ద సారంగు. ఆయన పుట్టింది యారాడలో, సముద్రం మీద చేపలు వేటాడే ఇంట్లో. మీసాలు వచ్చీరాని వయసులో పోర్టులో చేరి, నలభైయేళ్ళు నీళ్ళ మీదే గడిపారు. చదువు లేదు. సంతకం మాత్రం పడవ బొమ్మంత శ్రద్ధగా గీసేవారు. మావాళ్ళూ ఒకప్పుడు సముద్రం వాళ్ళే గానీ, మా నాన్న రైల్వేలో చేరి ఎలమంచిలిలో స్థిరపడ్డాక మాకు సముద్రమంటే సెలవుల్లో చూసొచ్చే చోటైపోయింది. అలాంటి ఇంటి నుంచి నేను వీళ్ళింటికి కోడలిగా వచ్చాను.

నేను కాపురానికొచ్చిన ఏడాదే ఆయన రిటైరయ్యారు. అది పందొమ్మిది వందల డెబ్బైల నడిమి కాలం. తోటివాళ్ళంతా కలిసి గోడగడియారం కొని ఇద్దామనుకుంటే, "ఇంక నాకు టైముతో ఏటి పని? ఓ కెమెరా కొనీండి" అన్నారట. కొన్నారు. నల్లటి పెట్టె కెమెరా. ఒక రీలుకి పన్నెండు ఫోటోలు, అవీ నలుపూ తెలుపూ. ఆయన దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి చాలాసేపు ముట్టుకోలేదు. మా అత్తగారు దానికి బొట్టు పెట్టింది. నేను ఇంటర్ దాకా చదివానని ఆయన దాని ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చారు. నేను చదివి, ఎండ ఉంటే ఏ గుర్తు దగ్గర పెట్టాలో, మబ్బుంటే ఎక్కడ పెట్టాలో చెప్పాను.

"మీరే తీయండి మావయ్యా" అన్నాను.

"నా సేతులు తాళ్ళు లాగిన సేతులమ్మాయ్. ఇదేటో పిట్టగుడ్డులాగుంది. నువ్వట్టుకో. నాను సూపిత్తాను, నువ్వు తీయ్" అన్నారు.

ఏం తీయాలని అడిగితే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఇన్నేళ్ళూ ఈ కొండలన్నీ సంద్రం మీంచి సూసినాను. అక్కణ్ణించి అన్నీ నీలంగానే కనపడతాయి. దగ్గరికెల్తే ఏ రంగులో, ఆటెనకాతల ఏటుందో సూడాలనుంది."

"కొండ సూడ్డానికి రైలెక్కాలేటి? కిటికీ తీత్తే కనపడదా?" అంది మా అత్తగారు వంటింట్లోంచి. అంది గానీ, ఆ ఆదివారం మా అందరికంటే ముందు టిఫిన్ క్యారియరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది కూడా ఆవిడే. మా ఆయనకి డ్యూటీ ఉండడంతో మేం ముగ్గురమే అరకు వెళ్ళాం.

ఆ రైలుదారిలో సొరంగాలు ఎక్కువ. ప్రతి సొరంగంలోనూ అత్తగారు నా చెయ్యి పట్టుకునేది. వెలుగు రాగానే వదిలేసి, తనకేమీ భయం లేనట్టు చీర సర్దుకునేది. మామగారు తలుపు దగ్గర, టగ్గు మీద నిలబడ్డట్టే కాళ్ళు ఎడం చేసి నిలబడ్డారు. సొరంగాలన్నీ దాటాక లోయ విచ్చుకుంది. వలిసె పూలు పూసే రోజులవి. పొలాలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి, వాటి వెనక కొండలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టున్నాయి. ఆయన వేలు పెట్టి చూపించడం, నేను తీయడం. రీలు రెండు గంటల్లో అయిపోయింది.

మర్నాడు సీతమ్మధారలో ఒక స్టూడియోలో కడగడానికిచ్చాం. ఫోటోలు వచ్చాక చూస్తే వలిసె పొలాలు బూడిద పోసినట్టున్నాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన ఒక్కొక్కటీ వెలుగుకెత్తి చూసి, "బాగానే ఉన్నాయి. రంగే కదా లేనిది, అది మనకి తెలుసు కదా. ఎనకాల రాసుకో, అమ్మాయ్" అన్నారు.

పెన్సిలు తెచ్చుకుని ఒక ఫోటో వెనక "కొండ, ఆకుపచ్చ" అని రాసి చదివాను.

"ఏ ఆకు?" అన్నారు.

నేను ఫోటోని తిప్పి మళ్ళీ చూశాను.

"తమలపాకా, అరిటాకా, జీడిమామిడి సిగురా? ఆకుపచ్చ అంటే ఏ ఆకో సెప్పాల. రేప్పొద్దున మనం మర్సిపోతే ఇది సూసి ఏటి తెలుస్తాది?"

ఆ సాయంత్రమంతా ముగ్గురం ఆ పన్నెండు ఫోటోలతో కూర్చున్నాం. వలిసె పువ్వు కొత్త పసుపుకొమ్ము సాన మీద తీసినట్టుంది, వాగు ఒడ్డున మట్టి తుప్పుపట్టిన లంగరులాగుంది, దూరపుకొండ ఎండిన చేప పొలుసులాగుంది అని ఆయన చెబుతుంటే నేను రాశాను. మధ్యలో అత్తగారు, "పొలుసు కాదు, పొయ్యి మీద పాలు పొంగబోయే ముందు అంచు రంగు" అని దిద్దింది. ఆయన ఫోటోని మళ్ళీ వెలుగుకెత్తి చూసి, "దాందే కరెస్టు. కొట్టీసి అది రాయ్" అన్నారు.

అప్పట్నుంచి వీలున్నప్పుడల్లా వెళ్ళేవాళ్ళం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, అనంతగిరి, బొర్రా గుహలు, కొత్తగా తెరిచిన జంతువుల పార్కు. పార్కులో జనమంతా పులి దగ్గర మూగితే ఆయన మాత్రం నన్ను వెనక్కి తిప్పి, చెట్ల మీంచి పార్కుని ఆనుకుని ఉన్న కొండని చూపించారు. "పులిని ఊచల్లోంచి తీత్తే ఊచలే పడతాయి. అది తిరగాల్సిన జాగా అదిగో, దాన్ని తీయ్" అన్నారు. ఆ ఫోటోలో ఉత్త కొండే ఉంటుంది. చూసినవాళ్ళు ఇదేమిటని అడిగితే మా అత్తగారు, "పులి" అని చెప్పి నవ్వేది.

ఇంక నేను చేసిన తప్పు గురించి చెప్పాలి.

యారాడకి దక్షిణంగా, సముద్రం మీంచి చూస్తే ఒక కొండ మూడు మూపురాలతో కనిపించేది. నేల మీంచి చూస్తే మామూలు గుట్టే. నీళ్ళ మీదికి వెళితేనే మూడూ విడివిడిగా తేలేవి. వేటకెళ్ళేవాళ్ళకి అది గురుతు. నడుమ మూపురం ఫలానా చెట్ల తోపు మీదికి వచ్చిందంటే కింద చేపలుండే చోటని లెక్క. మామగారికి ఆ గురుతు వాళ్ళ నాన్న చూపించాడట, ఆయనకి వాళ్ళ నాన్న. నగరం పెరుగుతోంది, రోడ్లకీ కట్టడాలకీ రాయి కావాలి, ఆ కొండని పేల్చడం మొదలుపెట్టారని ఆయనకి కబురొచ్చింది. ఆ రోజు అన్నం సగంలో లేచిపోయారు. మర్నాడు, "అమ్మాయ్, తెప్ప మీదికి రాగలవేటి?" అని అడిగారు.

ఆడవాళ్ళని తెప్ప ఎక్కించడం యారాడలో లేదు. ఆయన పినతండ్రి కొడుకు మొహం మాడ్చుకున్నాడు. "నువ్ పెద్దోడివి, నాను కాదన్లేను. కానీ ఆడమనిషిని ఎక్కిత్తే రేపు వల్లో ఏటీ పడకపోతే నన్నే అంటారు బావ్" అన్నాడు. వరసకి మామగారు అన్నే అయినా, చిన్నప్పట్నుంచీ ఆయన్ని బావ్ అనే పిలిచేవాడట.

"వేటకి కాదురా, ఫోటోకి. నీ వలలూ గేలాలూ ఒడ్డు మీదే వొగ్గీ. తెప్ప కడిగి పసుపు నానే పూయిత్తాను. మా కోడలు తీయాల, మరొకలకి రాదు" అన్నారు మామగారు.

ఒడ్డు మీద నలుగురు చూస్తుండగా ఎక్కాను. దుంగల సందుల్లోంచి నీళ్ళు వచ్చి చీర తడిసింది. కెమెరాని కొంగులో చుట్టి పొట్టకి హత్తుకుని కూర్చున్నాను. అలలు దాటాక ఆయన నా వెనక మోకాళ్ళ మీద నిలబడి, నా భుజాలు పట్టుకుని, "ఇప్పుడు సూడు" అన్నారు. మూడు మూపురాలు. అప్పటిదాకా ఒకటే గుట్టగా ఉన్నది నా కళ్ళ ముందే మూడుగా విడిపోయింది. నడుమ మూపురం మీద పొద్దు పడుతోంది. పన్నెండు ఫోటోలూ దానికే వాడాను. ఒడ్డుకొచ్చాక ఆయన నిజంగానే తెప్ప కడిగి పసుపు పూశారు.

ఆ మర్నాడు ఇంటి మెట్ల మీద కూర్చుని రీలు తీయబోయాను. చివరిదాకా చుట్టేశాననుకున్నాను. కెమెరా వెనక మూత తెరవగానే రీలు చేతిలోంచి జారింది. మెట్టు మెట్టుకీ విప్పుకుంటూ, మధ్యాహ్నపు ఎండలో వీధిదాకా వెళ్ళిపోయింది. అందుకోబోయి ఆగిపోయాను. ఎండ తగిలిన ఫిల్ము మీద ఇంకేమీ మిగలదని తెలుసు.

ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. తిట్టినా బాగుండేది. ఆయన మెట్లు దిగి, ఆ ఫిల్మంతా నెమ్మదిగా, తాడు చుట్టినట్టు మోచేతికి చుట్టుకుంటూ పైకొచ్చారు.

"బెంగెట్టుకోకు. మళ్ళీ ఎల్దాం. కొండెక్కడికి పోతాది" అన్నారు.

కానీ వెళ్ళలేకపోయాం. రెండోసారి తెప్ప అడగడానికి ఆయనకే మొహం చెల్లలేదు. ఇంతలో తుఫాన్లు పట్టాయి. సముద్రం కుదుటపడి, ఆ తమ్ముడే జాలిపడి తీసుకెళ్తాననేసరికి నాకు ఏడో నెల. ఆయన ఒక్కరే వెళ్ళొచ్చారు. కెమెరా వెంట తీసుకెళ్ళలేదు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, "నడుమది లేదు" అన్నారు.

నేను లోపలికి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. మూడు తరాలు చూసుకున్న గురుతు నా చేతకానితనం వల్ల కాగితం మీద కూడా మిగలకుండా పోయింది. ఆ సంగతి ఆయన నాతో ఒక్కనాడూ అనలేదు. కానీ నాకు తెలుసు కదా.

కాసేపటికి అత్తగారు తలుపు కొట్టింది. "పిలుస్తున్నాడు, రా." వెళితే ఆయన పాత క్యాలెండరు అట్టని ఫోటో అంత కొలత పెట్టి నలుచదరంగా కత్తిరిస్తున్నారు. దాన్ని నాకిచ్చి, "ఎనకాతల రాయ్" అన్నారు.

"ఇందులో ఏమీ లేదు కదా మావయ్యా."

"నువ్వు సూసినావా లేదా?"

"చూశాను."

"నానూ సూసినాను. ఇద్దరు సాచ్చులున్నాక ఫోటో ఎందుకు? రాయ్. నడుమ మూపురం..." అని ఆగి, "నువ్వు సెప్పు. నా కళ్ళకి పొద్దు అడ్డొచ్చింది ఆ వేళ" అన్నారు.

పొద్దు ఆయన కళ్ళకి అడ్డు రాలేదు. మా వెనకవైపుంది. ఆ మాట నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. నేను కళ్ళు తుడుచుకుని, "నడుమ మూపురం, పండబోతున్న సపోటా తొక్క రంగు. దాని మీద పొద్దు పడ్డచోట బెల్లం పాకం" అన్నాను. ఆయన తల ఊపారు. "అదే. సరిగ్గా అదే" అన్నారు. నా చేతులతోనే రాశాను. ఆ అట్ట ఇప్పటికీ మా ఆల్బంలో మిగతా ఫోటోల మధ్యే ఉంది.

ఇది జరిగాక నేను మళ్ళీ కెమెరా ముట్టుకోనని అనుకున్నాను. పాప పుట్టి ఏడాది నిండాక, ఒకరోజు ఆయనే కొత్త రీలు తెచ్చి నా ముందు పెట్టారు. "తాడు తెగిందని టగ్గు ఆపీలేం గదా" అన్నారు, అంతే. ఆ వేసవిలో పాపని చంకనేసుకుని, నలుగురం అదే రైల్లో ఇంకా పైకి, జగదల్‌పూర్ దాకా వెళ్ళాం. అక్కణ్ణించి బస్సులో చిత్రకోట జలపాతానికి. ఇంకా కనిపించకముందే శబ్దం వినిపించింది. ఆయన దారిలో నిలబడిపోయారు. "సంద్రం ఇక్కడికెలగొచ్చింది?" అన్నారు. దగ్గరికెళ్ళి, ఏరు ఏరంతా అలా పడిపోవడం చూసి, చెప్పులు విడిచి దండం పెట్టారు. రంగు ఏమని రాయమంటారని అడిగితే, "దీనికి రంగెక్కడిది, పడతన్నాది అని రాయ్" అన్నారు. అలాగే రాశాను.

ఆ ఫోటోని పెద్దది చేయించడానికి సీతమ్మధార స్టూడియోకి ఇచ్చినప్పుడు ఆ యజమాని వెనక రాసింది చదివాడు. మిగతావి కూడా తెమ్మన్నాడు. అన్నీ తిరగేసి చదివి, "ఎవరు రాశారమ్మా ఇవి?" అని అడిగాడు. ఆ రోజుల్లో పెళ్ళిఫోటోలకీ పెద్దవాళ్ళ పటాలకీ చేత్తో రంగులద్దేవారు. తన దగ్గర ఆ పని చేసే ముసలాయన మానేశాడట. "కుంచె పట్టడం నేను నేర్పుతాను. రంగు చూడ్డం ఒకరు నేర్పితే వచ్చేది కాదు" అన్నాడు.

ఆ రెండోమాట తప్పని ఆ యజమానికి చెప్పాలనిపించింది. పక్కనే ఉన్న మా మామగారు నన్ను మాట్లాడనివ్వలేదు. "వస్తాది. రేపట్నుంచి వస్తాది" అని నా తరఫున ఒప్పేసుకున్నారు. ఇంటికొచ్చాక మా ఆయన పాప సంగతేమిటని గొణిగారు. "నానున్నాను గదా, టగ్గుల్ని సూసినోణ్ణి, దీన్ని సూళ్ళేనా" అన్నారు మామగారు. నిజంగానే చూసుకున్నారు. నేను పనికెళ్ళిన ఆ ఏళ్ళన్నీ మా పాపకి జడ వేసింది ఆయనే. తాడు పేనినట్టు గట్టిగా వేసేవారు, సాయంత్రందాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు.

కలర్ ఫిల్ములు వచ్చాక రంగులద్దే పని తగ్గింది. అప్పటికి స్టూడియోలో ఫోటోలు తీయడం కూడా నా చేతికే వచ్చింది. ఇవాళ పెళ్ళివారు ఆడమనిషి ఫోటోగ్రాఫరు కావాలని నా కోసం వస్తుంటే, నా వెనక మోకాళ్ళ మీద నిలబడి భుజాలు పట్టుకున్న ఆ చేతులు గుర్తొస్తాయి. కోడల్ని కొండలు చూపించడానికి తిప్పిన మామగారు ఇంకొకరున్నారేమో నాకు తెలియదు. నాకు దొరికారు. అది చాలు.

ఈ ఏడు వేసవి మొదట్లో, మొదటి జల్లు పడ్డాక, అనంతగిరి వెళ్దామన్నారు. అప్పటికే ఆయనకి ఆయాసం. అత్తగారు వద్దంది. వద్దంటూనే పులిహోర కలిపింది. కాఫీ తోటలు పూసి ఉన్నాయి. కొమ్మలన్నీ తెల్లగా, మల్లెల వాసన లాంటిదే గానీ మల్లె కాని వాసన. ఆయన మెల్లగా తోటలోకి నడిచి, ఒక సిల్వర్ ఓక్ చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. బాగుందనిపించి, "మావయ్యా, అలాగే ఉండండి, కదలకండి" అని కెమెరా ఎత్తాను.

అంతలో కొండ మీంచి మంచు దిగింది. క్షణాల్లో చెట్లు పోయాయి, పూలు పోయాయి, ఆయన పోయారు. నా ముందు తెల్లటి గోడ. కెమెరా దించకుండా నిలబడ్డాను. వెనక రాతి మీద కూర్చున్న అత్తగారికి కంగారు పుట్టి, "ఏయ్, ఉన్నావేటి?" అని పిలిచింది.

"ఉన్నాను, ఉన్నాను. అమ్మాయి కదలొద్దన్నాది" అని మంచులోంచి ఆయన గొంతు.

ఎక్కడో నీటిబొట్లు ఆకుల మీద రాలుతున్నాయి. తర్వాత మంచు ఒక పక్కనుంచి పలచబడింది. ముందు చెట్టు మొదలు కనిపించింది, తర్వాత దాని మీద ఆనించిన చెయ్యి, ఆ తర్వాత ఆయన. చొక్కా భుజాలు తడిసి, జుట్టులో రెండు తెల్లటి పూరేకులు అంటుకుని, కనురెప్ప కూడా కదిలించకుండా, నేను ఎలా నిలబడమన్నానో అలాగే నిలబడి ఉన్నారు.